తెరవకూడని గొంతు

నేను ఒక గొంతును. గొంతు అనగానే మీరు మీ మెడ తడుముకుంటారేమో, నేను ఆ రకం కాదు. గుప్పిట్లో పట్టే గుండ్రటి గొట్టాన్ని. ఒక కొసన రూపాయి బిళ్ళంత పలుచటి రేకు, పక్కన నొక్కడానికి ఒక మీట. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసినవాళ్ళు నన్ను దవడ కింద మెత్తటి చోట ఆనించి మీట నొక్కుతారు. నేను తుమ్మెదలా గుయ్యిమంటాను. ఆ గుయ్యిని వాళ్ళు నాలుకతో, పెదవులతో మలుచుకుని మాటలు చేసుకుంటారు. అంటే మోత నాది, మాట వాళ్ళది. ఈ ముక్క మొదట్లోనే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను తయారుచేసిన కంపెనీకి ఇది ఇప్పటికీ బుర్రకెక్కలేదు.

నేను పుట్టింది ఒక చల్లటి గదిలో. అక్కడ అందరూ తెల్లకోట్లు వేసుకుని, చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చేవారు. నా మోత ఎంత లావుగా ఉండాలో తేల్చింది ఒక ఇంజనీరు గారు. మంచి మనిషే. నన్ను తన మెడకే ఆనించుకుని, తన గొంతుకు సరిపోయేదాకా లోపల ఏదో తిప్పి, 'ఇది బాగుంది' అనుకున్నాడు. ఆయనది బొంగురు గొంతు. దాంతో ఆ గదిలో పుట్టిన మా అందరిదీ బొంగురు గొంతే అయింది. ఆడవాళ్ళు కూడా మాట్లాడతారన్న సంగతి ఆయనకు ఇంట్లో బాగానే తెలిసి ఉండాలి. ఆఫీసుకు వచ్చేసరికి మరిచిపోయినట్టున్నాడు.

ఆ తర్వాత నా రెండు చిప్పలూ దగ్గరికి చేర్చి జిగురు పోసి అతికించారు. బయట ఒక్క స్క్రూ కూడా లేదు. అతుకు మీద వెండి రంగు స్టిక్కర్ ఒకటి అంటించారు. 'తెరవరాదు. తెరిచినచో గ్యారంటీ చెల్లదు' అని దాని మీద రాసి ఉంది. దాన్ని చూసుకుని నేను కొంతకాలం తెగ మురిసిపోయాను. ఇంత కట్టుదిట్టం చేశారంటే నా లోపల ఏ నవరత్నాలో ఉండి ఉంటాయని నా నమ్మకం.

విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నళిని గారని మాట నేర్పే టీచరు ఉండేవారు. ఆమె చేతుల మీదుగా నేను కాసులమ్మకు అందాను. కాసులమ్మది భీమిలి అవతల ఒక చిన్న చేపల రేవు. ఎత్తరి, భారీ మనిషి. ఏళ్ళ తరబడి కాల్చిన చుట్టలు ఆవిడ గొంతుకు ఎసరు పెట్టాయి. డాక్టర్లు స్వరపేటిక తీసేసి, ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింద ఒక రంధ్రం ఉంచారు. దాని మీద తెల్లటి గుడ్డ కట్టుకుని తిరిగేది. నన్ను కొన్న బిల్లు ఆవిడ పేరు మీదే రాయించి, ఇక నుంచి ఇది నీదేనమ్మా అన్నారు నళిని గారు. కాసులమ్మ నన్ను అటూ ఇటూ తిప్పింది. చేపకు మొప్ప ఎక్కడుందో వెతికినట్టు వెతికి, ఏమీ దొరక్క, సరేలెమ్మని రొండిన దోపుకుంది.

మాట కుదరడానికి చాలా రోజులు పట్టింది. మీట ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో, మెడ మీద ఏ చోట ఆనిస్తే పదం విరక్కుండా వస్తుందో నళిని గారు ఓపిగ్గా నేర్పారు. కాస్త చేతనయిందనిపించగానే కాసులమ్మ మెట్ల దగ్గర కూర్చున్న మొగుడి వెనక్కి వెళ్ళి, 'మావా, లెగు, ఇంటికెల్దాం' అంది. ఎర్రయ్య అదిరిపడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని వినయంగా లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే పెళ్ళాం. చచ్చిపోయిన మామగారు లేచొచ్చి పిలిచారనుకున్నానని చెప్పాడు. ఆవిడ ఆయన వీపు మీద ఒకటి వేసింది. ఇద్దరికీ అప్పటికి అది సరదాగానే ఉంది.

రేవులో అడుగుపెట్టాకే అసలు చిక్కు బయటపడింది.

కాసులమ్మ పని వేలం వెయ్యడం. సూరాడ గురయ్య పడవ ఒడ్డుకు రాగానే చేపల్ని ఇసుకలో టార్పాలిన్ మీద కుప్పలుగా పోస్తారు. కొనే ఆడవాళ్ళు చుట్టూ గొంతుక్కూర్చుని, కుప్ప అంచున ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మొప్పలు ఎత్తి చూసుకుంటూ ధర పెంచుతారు. చెయ్యి కుప్ప మీద ఉన్నంతసేపూ ఆ మనిషి పాటలో ఉన్నట్టు. తల ఎత్తి వేలం వేసే మనిషి వంక చూసేవాళ్ళు ఉండరు. చూపు తిప్పితే చాలు, పక్కనున్నది మంచి చేపను తన వైపుకు లాక్కుంటుంది. అందుకని అక్కడ వ్యవహారమంతా చెవుల మీదే నడుస్తుంది. వేలం వేసేది ఎప్పుడూ ఆడమనిషే. మధ్యలో మగ గొంతు వినిపించిందంటే, పడవ యజమాని ధర నచ్చక కుప్పను ఆపేశాడని అర్థం. అప్పుడిక చేతులు తీసేసి లేచి పోవాలి. యజమానితో బేరమాడటం ఆ రేవులో మర్యాద కాదు.

ఇదంతా తెలిసిన కాసులమ్మ కూడా నన్ను మెడకు పెట్టుకునేటప్పుడు దీన్ని తలుచుకోలేదు. తన నోటి నుంచి వచ్చే మాట తనదేనని ఆవిడ ధీమా. ఎవరికైనా అంతే కదా. మొదటి కుప్ప కానాగంతలు. ఆవిడ చెయ్యెత్తి, మీట నొక్కి, ధర అడిగింది. నా బొంగురు గుయ్యి రేవంతా మోగింది. కుప్ప చుట్టూ ఉన్న చేతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. 'గురయ్య ఆపేసినాడు, పదండే' అని ఎవరో అన్నారు. అందరూ బుట్టలు తీసుకుని పక్క పడవ దగ్గరికి వెళ్ళిపోయారు. టార్పాలిన్ పక్కన కాసులమ్మ ఒక్కతే మిగిలింది.

జరిగింది అర్థమయ్యాక వాళ్ళు పరుగున వెనక్కి వచ్చారు, నొచ్చుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ సగం చేతులు లేచిపోయాయి. పాపం వాళ్ళ తప్పేమీ లేదు. చిన్నప్పట్నుంచి చెవిలో పడ్డ అలవాటు బుద్ధి చెబితే వింటుందా. రోజూ అదే తంతు. మిగతా పడవల చేపలు అమ్ముడైపోయి బండ్లెక్కేసరికి గురయ్య చేపలు ఎండలో మెత్తబడుతూ ఉండేవి. ఈ గొడవంతటికీ కారణం నేనని నాకు తెలుసు. తెలిసి ఏం చెయ్యను, నన్ను బొంగురుగా పుట్టించారు మరి.

అందరికంటే ఎక్కువ బాధపడింది దానమ్మ. ఆ రేవులో చేపలు కొనేవాళ్ళలో పెద్ద నోరు ఆమెది. కాసులమ్మకూ ఆమెకూ వయసులో ఉన్నప్పటి నుంచీ రోజూ పోట్లాటే. ఒకరి ధర ఒకరికి పడేది కాదు. అలాంటి దానమ్మ ఇప్పుడు కాసులమ్మ ఏ ధర చెబితే ఆ ధరకే తలూపి తీసుకోవడం మొదలుపెట్టింది. బుట్ట తనే ఎత్తేది, నీడలో కూర్చోమనేది, టీ తెచ్చి ఇచ్చేది. ఆమె మంచితనం చూసి నేను ఆనందించాను. కాసులమ్మ మాత్రం ఆ టీ తాగినప్పుడల్లా ముఖం తిప్పుకునేది.

ఏప్రిల్‌లో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం, పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. వేట మళ్ళీ మొదలైన రోజున మొదటి కుప్పను ఎవరు వేలం వేస్తే ఆ ఏడాదంతా ఆ పడవకు వాళ్ళే. అది ఆ రేవు కట్టుబాటు. గురయ్య ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, చాలాసేపు వలల గురించి మాట్లాడాడు. చివరికి వెళ్ళబోతూ విషయం చెప్పాడు. ఈలోగా ఆవిడ గొంతు కుదిరితే సరేసరి, లేకపోతే తన మేనకోడల్ని తీసుకొస్తాడు. ఆవిడ రెస్టు తీసుకోవాలని కూడా అన్నాడు. రేవు చుట్టూ తిరిగిన మనిషిని ఇంట్లో కూర్చోమనడం ఆయన దృష్టిలో దయ. కాసులమ్మ లేచి వెళ్ళి నన్ను కొన్న బిల్లు వెతికి బయట పెట్టింది.

మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని పట్నంలో కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. గాజు తలుపులు, పూలకుండీలు, మంచినీళ్ళు ఇచ్చి మరీ కూర్చోబెట్టారు. టై కట్టుకున్న ఒకబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మోత ఎంత లావుండాలో ఫ్యాక్టరీలోనే పెడతారట, దాన్ని సర్దే చిన్న మరమేకు లోపలెక్కడో ఉంటుందట. దాన్ని కాస్త తిప్పి పెట్టమని ఆవిడ అడిగింది. తెరిచే అనుమతి మా ఆఫీసుకు కూడా లేదండీ అన్నాడు. హెడ్డాఫీసుకు పంపిస్తే పరిశీలిస్తారట, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేరట, ఆడగొంతు కావాలంటే కొత్త మోడల్ వచ్చిందట, అది కొనుక్కోవచ్చట. హెడ్డాఫీసుకు పంపిస్తే అన్నాళ్ళూ తను ఎలా మాట్లాడాలని ఆవిడ అడిగితే ఆ అబ్బాయి తెర మీద ఏదో వెతికాడు. ఆ ప్రశ్న వాళ్ళ కంప్యూటర్లో లేనట్టుంది.

"ఇది నాదా, మీదా?" అని అడిగింది కాసులమ్మ.

"మీదేనమ్మా. లోపలిది మాత్రం కంపెనీది," అన్నాడు అతను.

కాసులమ్మ నన్ను మెడకు గట్టిగా ఆనించుకుని, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"బావూ, నా మెడ కొయ్యడానికి డాకటర్లు నా సేత ఏలిముద్ర ఏయించుకున్నారు. నాను ఒప్పుకుంటేనే కోసినారు. మరి నాను కొనుక్కున్న గొంతు తెరవడానికి ఇంకెవుల్ది ఏలిముద్ర కావాల?"

నా మొత్తం జీవితంలో నేను మోసిన మాటల్లో అంత బరువైంది మరొకటి లేదు. అబ్బాయి తల దించుకుని, రూల్సు అలా ఉన్నాయమ్మా, నేను చేసేదేముంది అన్నాడు. అది నిజమే. రూల్సు రాసినవాళ్ళు ఎప్పుడూ కౌంటర్లో కూర్చోరు.

తిరుగు బస్సులో ఎర్రయ్య ఊరుకోలేకపోయాడు. ఆయన పడవ ఇంజను విప్పుతాడు, రేడియో విప్పుతాడు, అల్లుడు కొనిచ్చిన ఫ్యాను తిరక్కముందే విప్పాడు. ఇంజను విప్పేటప్పుడు దాని కంపెనీవాణ్ణి అడిగానా అని బస్సంతటికీ వినబడేలా వాదించాడు. తీరా ఇంటికి వచ్చి నన్ను చేతిలోకి తీసుకునేసరికి ఆయన జోరు తగ్గిపోయింది. ఫ్యాను పాడైతే ఉక్కపోస్తుంది, అంతే. నేను పాడైతే పెళ్ళాం మాట పోతుంది. రెండుసార్లు కత్తి మొన అతుకు మీద పెట్టి, రెండుసార్లూ తీసేసి, నా వల్ల కాదే అని నన్ను చాప మీద పెట్టేశాడు. నా మీద ఎవరైనా అంత భయభక్తులు చూపించడం అదే మొదలు, నాకు కాస్త సిగ్గేసింది.

భీమిలి బజారులో సత్యవేణి అనే ఆవిడ సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. ఇద్దరూ నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. సత్యవేణి నన్ను లైటు కింద పెట్టి చూసి, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని మొహమాటం లేకుండా చెప్పింది. "తెరవగలను పిన్నీ. తెరిచాక పలుకుతుందో లేదో నాకు తెలీదు. నువ్వే ఆలోచించుకో," అంది. ఎర్రయ్య ఇంటికి పోదామన్నట్టు పెళ్ళాం భుజం పట్టుకున్నాడు. కాసులమ్మ ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. మెడ మీద గుడ్డ సర్దుకుని, నన్ను ఆనించుకుని, "తెరువమ్మా" అంది. ఆ ఒక్క మాట అన్నాక నన్ను బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

సత్యవేణి వేడిగాలి పట్టించి జిగురు మెత్తబరిచింది. స్టిక్కర్ ముడుచుకుని ఊడిపోయింది. నా రెండు చిప్పలూ విడిపోతుంటే నాకు ప్రాణం పోతున్నట్టే ఉంది, ఎందుకు దాచుకోవాలి. అందరూ లోపలికి తొంగిచూశారు. నేనూ మొదటిసారి నన్ను చూసుకున్నాను. ఒక బ్యాటరీ, ఒక పచ్చటి పలక, తీగ చుట్ట, పలక మూలన ఆవగింజంత ఇత్తడి మర. ఇంకేమీ లేదు. నవరత్నాలు కాదు కదా, ఒక గాజుపూస కూడా లేదు. 'దీనికా అంత కాపలా' అన్నాడు ఎర్రయ్య. ఆ మాట నాకు గుచ్చుకున్నా, కాదనడానికి లేదు.

అప్పుడే జరగకూడనిది జరిగింది. చిప్పను పూర్తిగా లాగేటప్పుడు వెంట్రుకంత తీగ ఒకటి తెగింది. మీట నొక్కితే చప్పుడు లేదు. కాసులమ్మ కంగారుగా నన్ను అలాగే తీసుకుని మెడకు పెట్టుకుంది. పెదవులు కదిలాయి. ఏమందో ఎవరికీ వినబడలేదు. ఎర్రయ్య 'ఏటన్నావు, ఏటన్నావు' అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. సత్యవేణి మాత్రం చెయ్యి ఆపలేదు. తీగ కొసలు వెతికి, మొదటిసారి అతుకు నిలవక, మళ్ళీ గీరి, మళ్ళీ అతికింది. మీట నొక్కగానే నేను గుయ్యిమన్నాను. నా బొంగురు మోత విని ఒకరు సంతోషంతో ఏడవడం నేను అప్పుడే చూశాను.

మరను ఎంత తిప్పాలో మాత్రం సత్యవేణికి తెలియదు. ఆమె కాసులమ్మ పాత గొంతు ఎన్నడూ వినలేదు. అది విన్నవాళ్ళంతా రేవులో ఉన్నారు. అందుకని దుకాణం మూసేసి, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని తనే వాళ్ళతో రేవుకు వచ్చింది.

వలలు బాగుచేసుకునే షెడ్డు కింద నా చుట్టూ అందరూ చేరారు. మర కాస్త తిప్పడం, కాసులమ్మ ధర అరవడం, వాళ్ళు తీర్పు చెప్పడం. ఇంత సన్నం కాదని ఒకరు, ఇంకా సన్నమని ఒకరు. తన పెళ్ళాం గొంతు మెత్తగా ఉండేదని ఎర్రయ్య అంటే ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు, మెత్తన నీ ఒక్కడికేనని ఎద్దేవా చేశారు. గురయ్య వచ్చి నిలబడి, ఆ గొంతు వింటే అలల మీద ఉన్నప్పుడే రేవు దగ్గర పడిందని తెలిసేదని చెప్పి, ఎక్కువ మాట్లాడానని అనుకున్నాడేమో, గబగబా వెళ్ళిపోయాడు. ఒకే గొంతును ఇన్నేళ్ళూ విన్నారు, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో రకంగా ఉంది. దానమ్మ మాత్రం అందర్నీ నోరు ముయ్యమని, కళ్ళు మూసుకుని విని, ఒకచోట 'ఇదే, ఆపు' అంది.

ఎర్రయ్య ఊపిరి పీల్చుకున్నాడు. కాసులమ్మ మాత్రం ఒప్పుకోలేదు. స్క్రూడ్రైవరు తనే తీసుకుంది. చేప ముళ్ళు తీసి తీసి కాయలు కాసిన వేళ్ళతో ఆ మరను ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది.

"అది పడుసుదనం గొంతే, దానీ. నాకు వయసైపోనాది కాదేటి? ఇదుండనీ," అంది.

ఇన్నాళ్ళూ ఇంజనీరు గారు నాకిచ్చిన గొంతుతో బతికాను. ఆ మధ్యాహ్నం నాకు కాసులమ్మ గొంతు వచ్చింది. నన్ను మళ్ళీ జిగురుతో అతికించబోతే ఎర్రయ్య వద్దన్నాడు. వల అల్లే నైలాను దారంతో నా నడుముకు రెండు చుట్లు చుట్టి, లాగితే ఊడిపోయే ముడి వేశాడు. ఇప్పటికీ నన్ను అదే ముడి పట్టి ఉంచుతోంది. బ్యాటరీ నీరసపడితే కాసులమ్మ దాన్ని విప్పి కొత్తది వేయించుకుని మళ్ళీ తనే కట్టుకుంటుంది. కంపెనీ వాళ్ళు ఒకసారి ఫోన్ చేసి ఎలా పనిచేస్తోందని అడిగితే తెరిచిన సంగతి ఆవిడే చెప్పింది. స్టిక్కర్ తీసేశారు కాబట్టి గ్యారంటీ పోయిందని చెప్పారు. ఆవిడ మంచిదని చెప్పి పెట్టేసింది. వాళ్ళతో నాకేమీ పగ లేదు, పుట్టిల్లు పుట్టిల్లే.

నిషేధం తీరింది. పడవలు వేటకు వెళ్ళి, తెల్లారేసరికి తిరిగొచ్చాయి. గురయ్య మేనకోడలు కూడా కొత్త చీర కట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడింది. ఆ పిల్ల ముఖం చూస్తే ఆమెకూ ఈ పని కావాలని తెలుస్తూనే ఉంది. మొదటి కుప్ప కవళ్ళు, చవకరకం చిన్న చేపలు. నిగనిగలాడుతూ టార్పాలిన్ మీద పడ్డాయి. ఆడవాళ్ళు చుట్టూ చేరి తలలు వంచారు. చేతులు కుప్ప అంచుకు వచ్చాయి. కాసులమ్మ నన్ను మెడకు ఆనించుకుంది. ఆవిడ నరం కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. మీట నొక్కింది, ధర అడిగింది.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఒకరు ధర చెప్పారు. మరొకరు పెంచారు. ఇంకొకరు పెంచారు. తల ఎత్తి చూసినవాళ్ళు లేరు. చూడాల్సిన అవసరమే లేదు వాళ్ళకు. ఆవిడ ఒకటోసారి అంది, రెండోసారి అంది. గురయ్య తన మేనకోడలికి ఏదో చెప్పి ఇంటికి పంపించేశాడు. అది కాసులమ్మ చూసింది, చూసి ఇంకో మెట్టు ధర పెంచి అడిగింది. అప్పుడు దానమ్మ మొప్ప వదిలేసి, ఆపరేషన్ అయిన తర్వాత మొదటిసారి పాత దానమ్మలా నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"నీ జిమ్మడ, సచ్చి బతికొచ్చినా నీకు బుద్ధి రానేదేటే? కవళ్ళకి వంజరం ధర సెప్తావేటే, దొంగముండా?"

జబ్బు మనిషిని అంత మాట అనేసిందేమిటని అందరూ తలలెత్తారు. దానమ్మ కూడా నోటి మీద చెయ్యేసుకుంది. కాసులమ్మ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఎర్రయ్య పరిగెత్తుకొచ్చాడు.

ఆవిడ ఏడవడం లేదు, నవ్వుతోంది. స్వరపేటిక లేనివాళ్ళ నవ్వుకు చప్పుడు ఉండదు, భుజాలే నవ్వుతాయి. ఇన్ని నెలల్లో మాట కోసం, ధర కోసం, మొగుణ్ణి పిలవడం కోసం నన్ను వాడుకుంది కానీ, నవ్వు కోసం ఎన్నడూ వాడలేదు. దానమ్మ ఇంకా భయంగా చూస్తూనే ఉంది. ఆమెకు వినబడాలని కాబోలు, కాసులమ్మ నన్ను మెడకు పెట్టుకుని, మీట నొక్కిపట్టి, రేవంతా వినేలా నవ్వింది.